కదిలే పన్నుకు కొత్త పునాది

(సంక్షేమ సంఘం వార్షికోత్సవ సభలో ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏటా ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి పెద్దలు మాట్లాడుతూ వస్తున్నారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "డాక్టరుగారూ, పళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పండి. మరీ పుస్తకంలా కాకుండా, అందరికీ తెలిసేటట్టు" అన్నారు. పళ్ళ గురించి చెప్పడానికి ఏముంటుంది, ఉదయం తోముకోండి, రాత్రి తోముకోండి అని చెప్పి కూర్చుంటే సరిపోతుందని ముందు అనుకున్నాను. ఆలోచించిన కొద్దీ, మీ ముందు పెట్టవలసిన విషయం ఒకటి ఉందనీ, అందులో నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉందనీ తోచింది. ఆ రెండూ ఈ రోజు చెప్పుకుంటాను.

పోయిన ఏడు మన సంఘం పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో నేనూ ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే అసర్ నమాజు వేళ దాకా నేను చేసిన పని ఒక్కటే. పళ్ళు పీకడం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పుచ్చుపళ్ళవాళ్ళు కారు. పన్ను తెల్లగా, గట్టిగా, చెక్కు చెదరకుండానే ఉంటుంది. కాని వేలుతో తడితే ఊగుతుంది. చిగురు నొక్కితే చీము వస్తుంది. "పీకెయ్యండి డాక్టరు సాబ్, అన్నం తిననివ్వడం లేదు" అంటారు. పీకేశాను. సాయంత్రానికి ట్రేలో చూసుకుంటే మంచి పళ్ళే ఎక్కువ. ఇల్లు బాగానే ఉంది, పునాది కరిగిపోయింది, అందుకని ఇల్లు కూల్చేశాం. నేను చేసింది అంతే.

ఆ పునాదిని మళ్ళీ కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబే నా ప్రసంగం.

పునాది అంటే ఏమిటి?

మన పన్ను దవడ ఎముకలో మేకు దిగగొట్టినట్టు ఉండదు. పంటి వేరుకీ ఎముకకీ నడుమ సన్నని సందు ఉంటుంది, సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఆ సందులో వేలకొద్దీ నారపోగులు ఒక కొసతో ఎముకనూ, రెండో కొసతో వేరునూ పట్టుకుని ఉంటాయి. నులకమంచంలో పట్టెకూ పట్టెకూ మధ్య నులక బిగించినట్టు అనుకోండి. మనం శనగలు నమిలినా, చెరుకు కొరికినా ఆ దెబ్బ ఎముక మీద నేరుగా పడకుండా ఈ పోగులే కాస్తాయి. వేరు మీద ఆ పోగులు నాటుకునే పలుచని పూతను సిమెంటం అంటారు. పైన చిగురు కాలరు మాదిరిగా పంటిని చుట్టుకుని కాపలా కాస్తుంది. చిగురు, నారపోగులు, సిమెంటం, ఎముక, ఈ నాలుగూ కలిస్తేనే పంటికి పునాది.

తిన్న తరువాత పళ్ళ మీద పాచి కడుతుంది. ఆ పాచి అంతా సూక్ష్మజీవులే. దాన్ని రోజూ తీసివేయకపోతే గట్టిపడి గార అవుతుంది. హరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త 1965లో డెన్మార్కులో ఒక పరీక్ష జరిపాడు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న విద్యార్థులను పళ్ళు తోముకోవడం మానెయ్యమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో వాపు తగ్గిపోయింది. ఆ మొదటి దశలో ఉన్నంతవరకు మందూ వద్దు, కత్తీ వద్దు.

ఆ దశ దాటితేనే చిక్కు. పాచి చిగురు కిందికి దిగుతుంది. చిగురుకూ పంటికీ మధ్య సంచి లాంటి లోతు ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించని ఆ లోతు ఐదు, ఏడు, తొమ్మిది అవుతుంది. సూక్ష్మజీవుల మీద మన శరీరం చేసే యుద్ధంలోనే నారపోగులు తెగిపోతాయి, ఎముక కరిగిపోతుంది. దీన్నే పెద్దలు పయోరియా అన్నారు. ఇందులో నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బుకు మనవాళ్ళు డాక్టరు దగ్గరకు రారు. పన్ను ఊగినప్పుడు వస్తారు. అప్పటికి పునాదిలో సగం పోయి ఉంటుంది.

మనవాళ్ళు వేసిన తొలి అడుగు

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. అందలూసియాలో, కొర్దోవా నగరం దగ్గర పుట్టి, 1013 ప్రాంతంలో కాలం చేసిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ. ఆయన రాసిన అత్తస్రీఫ్ అనే వైద్యగ్రంథం ముప్పై భాగాలు. అందులో శస్త్రచికిత్స భాగాన్ని పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చుకుని యూరపు వైద్యులు వందల ఏళ్ళపాటు చదువుకున్నారు. పళ్ళకు పట్టిన గార వల్ల చిగుళ్ళు చెడిపోతాయని ఆయన ఆనాడే రాశాడు. గార గీకడానికి పద్నాలుగు రకాల పనిముట్లు చెప్పి, బొమ్మలు వేసి చూపించాడు. ఒక రోజుతో పూర్తికాకపోతే మరునాడు, ఆ మరునాడు మళ్ళీ గీకమన్నాడు. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టి నిలబెట్టే పద్ధతి కూడా రాశాడు. ఈ రోజు నేను నా గదిలో చేసే పనిలో సగానికి సగం ఆయన చేసిందే. కుర్చీకి కరెంటు వచ్చింది, అంతే తేడా.

అయితే ఆయన కాలం నుంచి మొన్నమొన్నటి దాకా మనం చేయగలిగింది జబ్బును ఆపడం మాత్రమే. పోయిన ఎముకను, తెగిన పోగులను తిరిగి తెప్పించడం ఎవరి చేతా కాలేదు. కారణం ఏమిటో 1976లో మెల్చర్ అనే శాస్త్రవేత్త స్పష్టంగా చెప్పాడు. శుభ్రం చేసిన వేరు మీదకు ముందుగా ఏ జాతి కణాలు వచ్చి చేరతాయో, మానిన తరువాత అక్కడ ఆ జాతి కణజాలమే ఉంటుంది అన్నాడు. రైతు సోదరులకు ఇది వెంటనే అర్థమవుతుంది. దున్ని వదిలేసిన చేలో ముందు లేచేది వరి కాదు, గడ్డి. అలాగే చిగురు పైచర్మం కణాలకు పరుగు ఎక్కువ. అవి ముందుగా వేరు వెంట కిందికి దిగి ఆ చోటంతా కప్పేస్తాయి. పోగులు, సిమెంటం, ఎముక తయారుచేసే కణాలు నిదానస్తులు. అవి వచ్చేసరికి చోటు ఉండదు. పైకి చూస్తే పుండు మానినట్టే ఉంటుంది, లోపల పునాది మాత్రం రాదు.

మరి గడ్డి రాకుండా కంచె వేస్తే? స్వీడన్‌లో నైమన్, లిండే, కారింగ్ మొదలైనవారు అదే చేశారు. 1982లో ఒక మనిషి పంటికి, చిగురుకూ వేరుకూ మధ్య సన్నని పొర అడ్డం పెట్టి కుట్టారు. పైచర్మం ఆ పొర దగ్గర ఆగిపోయింది. నిదానంగా వచ్చే కణాలకు వ్యవధి దొరికింది. వేరు మీద కొత్త సిమెంటం, అందులో నాటుకున్న కొత్త పోగులు కనిపించాయి. కరిగిన పునాది తిరిగి వస్తుందని మనిషి నోటిలోనే రుజువయ్యింది.

పిలిచే మాంసకృత్తులు

కంచె వేస్తే గడ్డి ఆగుతుంది, సరే. కాని పైరు ఎదగాలంటే ఎరువు కావద్దా? ఇక్కడే వృద్ధికారకాల కథ మొదలవుతుంది. ఇంగ్లీషులో గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. ఇవి శరీరమే తయారుచేసుకునే మాంసకృత్తులు. చాలా కొద్ది మోతాదులో ఉంటాయి. ఒక కణం నుంచి ఇంకొక కణానికి "ఇటు రా, ఇక్కడ పని ఉంది, మీ సంఖ్య పెంచుకో" అని కబురు చేరవేసే టముకులాంటివి.

వీటిలో ఒకటి దొరికిన తీరు దంతవైద్యులం గర్వంగా చెప్పుకోదగ్గది. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. మామూలుగా పన్నెండు, పద్నాలుగు రోజులకు తెరుచుకోవలసిన కళ్ళు ఏడు రోజులకే తెరుచుకున్నాయి. ముందుపళ్ళు కూడా రోజుల ముందే మొలిచాయి. ఆ రసంలోని మాంసకృత్తును విడదీసి 1962లో ప్రకటించాడు. ఆయనకూ, నరాలు పెరగడానికి తోడ్పడే కారకాన్ని కనిపెట్టిన రీటా లెవీ మొంటాల్చీనీ అనే ఇటలీ వనితకూ కలిపి 1986లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈలోగా 1965లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టరు, సున్నం తీసివేసిన ఎముక ముక్కను కండలో పెడితే ఆ కండలోనే కొత్త ఎముక తయారవుతోందని చూపించాడు. ఎముక లేని చోట ఎముకను పుట్టించే కారకం ఆ ముక్కలో దాగి ఉందన్నమాట. 1974లో రక్తంలోని ప్లేట్‌లెట్లలో ఇంకొక కారకం బయటపడింది. వేలు తెగితే రక్తం గడ్డకట్టించేవి ప్లేట్‌లెట్లే కదా. అవి గాయాన్ని మూయడంతో ఊరుకోవు. మరమ్మతు పనివాళ్ళను పిలిచే కబురు కూడా అవే పంపుతాయి.

ఇల్లు కట్టించినవారికి తెలుసు. పనివాళ్ళు కావాలి, నిలబడడానికి పరంజా కావాలి, పని మొదలుపెట్టమని మేస్త్రీ కేక వెయ్యాలి. పంటి పునాదికీ ఈ మూడే కావాలి. పనివాళ్ళు మిగిలివున్న నారపోగుల దగ్గర, ఎముకలో కాచుకుని ఉన్న కణాలు. పరంజా మనం గుంటలో పెట్టే ఎముకపొడి లేదా పొర. మేస్త్రీ కేక వృద్ధికారకం. మూడింటిలో ఏది లేకపోయినా గోడ లేవదు.

ప్లేట్‌లెట్ల కారకాన్ని ఇప్పుడు ఈస్టు కణాల చేత తయారుచేయిస్తున్నారు. రొట్టె పులియబెట్టే ఆ ఈస్టే. ఆ మందును కృత్రిమంగా చేసిన సున్నపు పొడితో కలిపి పంటి పక్కన ఎముక గుంటలో నింపుతారు. అమెరికాలో 11 కేంద్రాలలో 180 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఆరు నెలలకు ఎముక ఎత్తు మందు పెట్టినవారిలో 2.6 మిల్లీమీటర్లు, పొడి మాత్రమే పెట్టినవారిలో 0.9 మిల్లీమీటర్లు పెరిగింది. గుంట మొదటివారిలో 57 శాతం, రెండోవారిలో 18 శాతం పూడింది. ఆ ఏడే అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. జపానులో ఇంకొక కారకాన్ని, అంటే పీచుకణాలను పెంచేదాన్ని, 0.3 శాతం జిగురుగా తయారుచేశారు. 2016లో అక్కడ అనుమతి వచ్చింది. వారి పెద్ద పరీక్షలో గుంట సుమారు 37 శాతం పూడగా, మందు లేని జిగురు పెట్టినవారిలో 22 శాతం పూడింది.

ఈ లెక్కలు వినగానే పోయిన ఎముక అంతా తిరిగొస్తుందని అనుకోవద్దు. ఆ అమెరికా పరీక్షలోనే, చిగురు పంటిని తిరిగి పట్టుకున్న కొలత చూస్తే ఆరు నెలల నాటికి రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందని సంబరపడే ముందు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అన్ని కారకాలూ పంటికి పనికిరావు కూడా. యూరిస్ట్ వెతికిన ఎముక కారకాన్ని పళ్ళు లేని చోట దవడ ఎముకను పెంచడానికి 2007లో అమెరికాలో అనుమతించారు. దాన్ని పంటివేరు పక్కనే పెడితే జంతువుల మీద పరీక్షలలో కొన్నిచోట్ల ఎముక నేరుగా వేరుకు అతుక్కుపోయింది, మధ్యలో నులక లేకుండా పోయింది. అలా అతుక్కున్న వేరును తరువాత శరీరమే తినేస్తుంది.

ఇంకొక మాట. గుంట ఆకారం ముఖ్యం. పంటి పక్కన బావిలా నిలువుగా దిగిన గుంటను, మూడు వైపులా గోడలుంటే, బాగా పూడ్చవచ్చు. చెరువు ఎండినట్టు అన్ని పళ్ళ చుట్టూ ఎముక ఒకే మట్టంగా తగ్గిపోతే ఏ కారకమూ దాన్ని పైకి లేపలేదు. శుభ్రం చేసిన తరువాత కూడా సంచి లోతుగా మిగిలి, ఎముకలో మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాని నిలువు గుంట ఉన్నవారికి ఈ చికిత్స చెయ్యమని యూరపు నిపుణులు 2020లో మార్గదర్శకాలు ఇచ్చారు. అందరికీ కాదు.

నా తప్పు

ఇక నేను ఒప్పుకోవలసిన విషయానికి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు నా దగ్గరకు వచ్చారు. మసీదులో పిల్లలకు ఖురాన్ పఠనం నేర్పుతారు. పైవరుస ముందుపళ్ళు రెండు కదులుతున్నాయి. "తినడానికి కాదు డాక్టరు సాబ్, గంజి తాగయినా బతుకుతాను. కాని అరబ్బీలో సా, జాల్, జా అనే మూడక్షరాలు నాలుక కొస పై ముందుపళ్ళ అంచుకు తగిలితేనే పలుకుతాయి. ఈ పళ్ళు పోతే నేను పిల్లలకు తప్పు నేర్పినవాణ్ణవుతాను" అన్నారు. ఒక పన్ను ఏం పని చేస్తుందో పాఠ్యపుస్తకాలలో చాలా చదివాను. ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గార తీశాను. ఆయనకు షుగరు ఉంది, అది అదుపులోకి వచ్చేదాకా ఆగాను. తరువాత చిగురు తెరిచి, గుంట శుభ్రం చేసి, ఎముకపొడి నింపి, పైన ఒక పొర కప్పి కుట్టాను. కొల్లాజెన్ పొర అది, కొన్ని వారాలకు ఒంట్లోనే కరిగిపోతుంది. పని బాగా జరిగింది. పళ్ళు గట్టిపడ్డాయి.

ఆరు వారాల తరువాత ఆయన వచ్చి, కుర్చీలో కూర్చుని, నోరు తెరవకుండా ఒక ప్రశ్న వేశారు. "నాకు పెట్టిన ఆ పొర దేనితో చేస్తారు బాబూ?"

నాకు తెలియదు. వాడిన వస్తువు ఏ జంతువునుంచి వచ్చిందో నేను ఎప్పుడూ చూడలేదు. నేనూ మీ ఇంట్లో పుట్టినవాణ్ణే, హోటలుకు వెళితే మాంసం ఎక్కడిదని అడిగి తినేవాణ్ణే. వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రాత్రి పెట్టెలోని కాగితం విప్పి చదివాను. చిన్న అక్షరాలలో ఉంది. పంది నుంచి తీసిన కొల్లాజెన్.

రాత్రంతా ఆలోచించాను. పొర కరిగిపోయింది, పళ్ళు నిలబడ్డాయి, చెప్పకపోతే ఎవరికీ తెలియదు అని సైతాన్ చెవిలో ఊదుతూనే ఉన్నాడు. మరునాడు ఫజర్ తరువాత మాస్టారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపల ఆయన బేగం టీ పెట్టి పంపించారు. అది చల్లారిపోయింది. చివరికి, "తెలియక జరిగింది. ఇద్దరం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుందాం. తెలిసి చెప్పకపోయివుంటే అది వేరే లెక్క" అన్నారు. ఆయన ఇప్పటికీ నా దగ్గరకే వస్తారు. కాని ప్రతి మందు పెట్టె చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నా చేత చదివించుకుని గాని నోరు తెరవరు. ఆయన అలా చేసిన ప్రతిసారీ నాకు తల వంగుతుంది. వంగాలి కూడా.

ఏది దేని నుంచి వస్తుంది?

ఆ తరువాత కూర్చుని ఒక్కొక్కటే తెలుసుకున్నాను. పంటి పునాది చికిత్సలో పేరున్న మందు ఒకటి స్వీడన్ నుంచి వచ్చింది, ఎమ్డోగెయిన్ అంటారు. హామర్‌స్ట్రామ్ అనే ఆచార్యుడు, పన్ను మొలిచేటప్పుడు ఎనామిల్ తయారుచేసే మాంసకృత్తులే సిమెంటం పుట్టడానికి కూడా కారణమని గ్రహించి దీన్ని రూపొందించాడు. అది పంది పిల్లల దవడలో ఇంకా మొలవని పళ్ళ మొగ్గల నుంచి తీస్తారు. దీనికి శాస్త్రపరంగా ఆధారాలు బలంగా ఉన్నాయి. ఇందాక చెప్పిన 2020 మార్గదర్శకాలలో పొరతో పాటు పేరు చెప్పి సిఫారసు చేసింది దీన్నే. మన చిక్కు అక్కడే ఉంది. కొల్లాజెన్ పొరలలో కొన్ని పందివి, కొన్ని పశువులవి. ఎముకపొడులలో కొన్ని పశువులవి, కొన్ని మనుషులు దానంచేసిన ఎముకవి, కొన్ని పూర్తిగా కృత్రిమమైనవి. ఈస్టు నుంచి చేసే ప్లేట్‌లెట్ కారకం, కృత్రిమ సున్నపు పొడి, వీటిలో జంతువు ప్రసక్తి లేదు. కాని అటువంటి మందు ఖరీదు మన బోటివారికి అందేది కాదు.

ఇక నాలుగో దారి ఒకటుంది. ఇదే మన దేశంలో ఎక్కువగా వ్యాపించింది. ఫ్రాన్సులో షుక్రూన్ అనే వైద్యుడు 2001లో చూపించిన పద్ధతి. రోగి చేతి నుంచే ఒక గొట్టం, అంటే పది మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అందులో ఏ మందూ కలపకుండా వెంటనే సెంట్రిఫ్యూజి యంత్రంలో నిమిషానికి మూడువేల చుట్ల చొప్పున పది పన్నెండు నిమిషాలు తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు పోతాయి, పసుపుపచ్చని నీరు పైన తేలుతుంది, నడుమ మీగడలాంటి గడ్డ నిలుస్తుంది. అందులో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు చిక్కుకుని ఉంటాయి. ఆ గడ్డను గుంటలో పెడితే పరంజా అదే, మేస్త్రీ కేక కూడా అదే. వారం పది రోజులపాటు వృద్ధికారకాలను కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. బెంగళూరు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో జరిపిన పరీక్షను 2011లో ప్రచురించారు. మూడు గోడల గుంటలు ఈ గడ్డ పెట్టినవారిలో సుమారు 48 శాతం పూడాయి. శస్త్రచికిత్స మాత్రమే చేసినవారిలో రెండు శాతం కూడా పూడలేదు. ఖర్చు అంటారా, యంత్రం ఒకసారి కొంటే చాలు, తరువాత గొట్టాల ఖర్చే. మందు మన ఒంట్లోనే ఉంది.

అయితే ఒంట్లోనుంచి బయటికి వచ్చిన రక్తం సంగతి ఏమిటని మీలో కొందరికి సందేహం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. ఒక మౌలానాసాహెబు దగ్గరకు వెళ్ళి ఈ పొరల సంగతి, రక్తం సంగతి అన్నీ అడిగాను. వెంటనే ఔను, కాదు అని చెబుతారని వెళ్ళాను. ఆయన తిరిగి నన్నే ప్రశ్నలు వేశారు. ఇది జబ్బుకా, అందానికా? దీనికి బదులు ఇంకొకటి ఉందా? ఉంటే అంత బాగా పనిచేస్తుందా? బీదవాడికి అందుతుందా? తయారుచేసేటప్పుడు ఆ పదార్థం స్వభావం మారిపోతుందా, మారదా? ఆఖరున, "వివరం మీ దగ్గర ఉంది డాక్టరుగారూ. అది తెచ్చి ముందు పెట్టకుండా మమ్మల్ని తీర్పు చెప్పమంటే ఎలా?" అన్నారు. ఆ మాట న్యాయమైనది. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, ఈ వేదిక మీద నేను చెప్పబోవడం లేదు. వివరం తెచ్చిపెట్టవలసిన బాధ్యత మాత్రం నాదే. దాన్ని నేను చాలా ఏళ్ళు మరిచాను.

సంఘానికి మనవి

అధ్యక్షా, నా కోరికలు మూడే.

మొదటిది. మన శిబిరంలో పళ్ళు పీకే బల్ల ఒక్కటే కాదు, గార తీసే బల్ల కూడా వెయ్యాలి. పక్కనే షుగరు పరీక్ష ఉండాలి. షుగరు జబ్బుకూ చిగుళ్ళ జబ్బుకూ రెండు వైపులా రాకపోకలున్నాయి. షుగరు పెరిగితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగరు లొంగదు. చిగుళ్ళకు సరైన వైద్యం చేస్తే మూడు నెలల సగటు షుగరు లెక్క దాదాపు 0.4 శాతం తగ్గుతోందని 2022లో అనేక పరీక్షలను కలిపి తేల్చారు. పన్ను మొదటిసారి కదిలినప్పుడే వచ్చినవాడికి వృద్ధికారకాలతో పని పడవచ్చు. చిగురు నుంచి మొదటిసారి రక్తం వచ్చినప్పుడే వచ్చినవాడికి ఆ అవసరమే రాదు.

రెండోది. నోటి వైద్యంలో వాడే పొరలు, పొడులు, మందులు ఏది దేని నుంచి తయారవుతుందో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పట్టిక తయారుచేసి ఇస్తాను. దాన్ని పెద్దలైన ఉలమాల ముందు పెట్టి వారి అభిప్రాయం తీసుకోండి. వచ్చే ఏటి సంచికలో అచ్చువెయ్యండి. డాక్టరు ఏ మతంవాడైనా, రోగి ఏ మతంవాడైనా ఇది కావాలి. గోవు నుంచి తీసిన పొడి అంటే వద్దనే హిందూ సోదరులున్నారు, ఏ జంతువుదీ వద్దనే జైన సోదరులున్నారు. అడిగే హక్కు రోగిది. అడగకముందే చెప్పవలసిన ధర్మం వైద్యుడిది.

మూడోది, యువకులకు. మీ జేబుల్లో ఉన్న గుట్కా పొట్లాలు, సిగరెట్టు పెట్టెలు నాకు ఇక్కడి నుంచే కనబడుతున్నాయి. పొగతాగేవాడి నోట్లో రక్తప్రసారం తగ్గుతుంది. చిగురు నుంచి రక్తం రాదు కాబట్టి జబ్బు లేదనుకుంటాడు, లోపల ఎముక పోతూనే ఉంటుంది. ఎంత ఖరీదైన వృద్ధికారకం పెట్టినా అతని దగ్గర సరిగా పనిచెయ్యదు. మేస్త్రీ ఎంత కేక వేసినా పనివాళ్ళు రావడానికి దారి ఉండాలి గదా. మిస్వాక్ సున్నతు అని అందరం చెప్పుకుంటాం. వుజూకి ముందు ఐదుపూటలా పళ్ళు శుభ్రం చేసుకునే అలవాటున్న జాతికి పయోరియా రాకూడదు. వస్తోందంటే సున్నతు మాటల్లో మిగిలి, చేతల్లో పోయిందన్నమాట. పీలూ పుల్ల అయినా సరే, వేపపుల్ల అయినా సరే, బ్రష్షు అయినా సరే, రెండు పూటలా చిగురు అంచు దాకా తోమండి.

మాస్టారు ఈ సభలోనే ఉన్నారు. వారి పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు. తన సంగతి చెప్పడానికి మాత్రం అనుమతి ఇచ్చారు. "చెప్పు బాబూ, ఇంకో నలుగురు డాక్టర్లు పెట్టె మీది కాగితం చదువుతారు" అన్నారు. ఇందాక సభ ప్రారంభంలో ఖిరాత్ చేసిన కుర్రవాడు ఆయన శిష్యుడే. సా, జాల్, జా మూడూ ఎంత స్పష్టంగా పలికాడో మీరంతా విన్నారు.